పెట్టెలో కూర్చున్న ఇత్తడి రాయి

ఫిబ్రవరి 6

అత్తా,

ఫోను పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేను అరిస్తే నీకు వినపడదనీ, ఉత్తరంలో అయితే అరుపు తక్కువగా ఉంటుందనీ అంటావుగా, అందుకే రాస్తున్నాను. తక్కువగా ఉంటుందని మాత్రం అనుకోకు.

నాకు అర్థమైంది ఇదీ. తప్పైతే దిద్దు. నీ పెద్దపేగులో గడ్డ ఉంది. అది క్యాన్సరేనని తేలింది. వచ్చే నెల మూడోవారంలో కోసి తీసేస్తారు. ఇంతవరకూ విని, నిచ్చెన మీద కూర్చుని కాసేపు ఏడ్చి, మళ్ళీ పనిలో పడ్డాను. ఆ తర్వాత చెప్పావే, అక్కడ మండింది. ఆ ఆసుపత్రిలో ఏదో పరిశోధన జరుగుతోందట. ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలు రోగి చేత నడిపించి, మెట్లెక్కించి, ఊపిరి కసరత్తు చేయించి, గట్టి తిండి పెడితే ఆ తర్వాత వచ్చే తిప్పలు తగ్గుతాయా అని చూస్తారట. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం, కుట్లకి చీము పట్టడం, అలాంటివి. బాగానే ఉంది. కానీ సగంమంది చేతే అవన్నీ చేయించి, మిగతా సగాన్ని మామూలుగా వదిలేస్తారట. ఎవరు ఏ సగమో కంప్యూటరు చీటీ తీస్తుందట. నీకు వదిలేసే చీటీ వచ్చిందట. నువ్వేమో సంతకం పెట్టి, ఇంటికొచ్చి, టీ పెట్టుకుని తాగావట.

నీకు బుద్ధుందా అత్తా.

నేను లిఫ్టులు బాగుచేసుకు బతుకుతున్నదాన్ని. నాకు ఎవరూ నేర్పలేదు, పాత పుస్తకాలు చూసి, వేళ్ళు నలగ్గొట్టుకుని నేర్చుకున్నాను. అయినా నాకు తెలుసు. రెండు లిఫ్టులుంటే ఒకదానికి గ్రీజు పెట్టి, రెండోదాన్ని వదిలేసి, ఏది ముందు ఆగుతుందో చూద్దామని ఎవడైనా అంటే మా ఫోర్‌మన్ వాణ్ణి గేటు బయట నిలబెడతాడు. లిఫ్టు వెనకాల ఎదురుబరువని ఒక ఇనప దిమ్మ ఉంటుంది. ఎక్కేవాళ్ళకి అది కనపడదు, దాన్ని ఎవరూ తలుచుకోరు. నిన్ను అలా చీకట్లో వేలాడదీశారు.

వాళ్ళు చేయించకపోతే నేను చేయిస్తాను. వెనక కాగితం మీద రాసి పంపుతున్నాను. మొదటి రోజు ఒక అంతస్తు మెట్లు. తర్వాత రెండు. అలా నీ నాలుగో అంతస్తు దాకా. పొద్దున గుడ్డు, సాయంత్రం పాలు, మధ్యలో గట్టిగా ఊపిరి పీల్చి వదలడం. గోడకి అంటించు. ఆసుపత్రిలో ఎవరికీ చెప్పకు.

వెంటనే జవాబు రాయకపోతే బండెక్కి వచ్చేస్తాను.

నీ కుక్కర్

*

ఫిబ్రవరి 11

కుక్కరమ్మకి అత్త దీవెనలు.

నీ కవరు ఇంకా వేడిగానే ఉంది. కిటికీలో పెట్టి చల్లార్చి విప్పాను. నీకు ఆ పేరు పెట్టి తప్పు చేశానేమో, రోజురోజుకీ దానికి తగ్గట్టే తయారవుతున్నావు.

ముందు నా సంగతి. నొప్పి లేదు. నీరసం ఉంది, అది ఆ గడ్డ నెత్తురు తాగేయడం వల్లట, మాత్రలు ఇచ్చారు. ఆసుపత్రిలో పరిశోధన గది మెట్ల కింద ఉంది. ఇంతకుముందు అక్కడ చీపుర్లు పెట్టేవాళ్ళనుకుంటా, వాసన పోలేదు. అందులో ఒక నర్సు కూర్చుంటుంది. కోటు జేబులో నాలుగు పెన్నులు, నోట్లో అయిదోది. పెన్నుల నర్సు అని పేరు పెట్టుకున్నాను. చాలా మర్యాదస్తురాలు. ఇష్టమైతేనే చేరమంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చంది, మానుకున్నా వైద్యంలో తేడా రాదంది. అన్నీ విని నేనే ఒప్పుకున్నాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

నాతోపాటే ఇంకొకావిడ చేరింది. బస్సులో కండక్టరుగా చేసి దిగిపోయింది. ఆవిడకి మొదటి సగం చీటీ వచ్చింది. నా మొహం చూసి, "దిగులుపడకు, నీ వాటా కూడా నేనే నడిచిపెడతాలే" అంది. ఆవిడకి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందులో మూడు బంతులు. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు లేవాలి.

ఇక నీ కోపం సంగతి. ముప్పయ్యేళ్ళుగా త్రాసులు బాగుచేసి, తూకం సరిచూసి ఇస్తున్నదాన్ని. నాకు ఆ రెండో సగం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క పళ్ళెమే ఉంటే అది త్రాసు కాదే, గరిటె. కసరత్తు చేసినవాళ్ళని మాత్రమే చూస్తే, బాగుపడింది కసరత్తు వల్లో, సర్జన్ చెయ్యి మంచిదవడం వల్లో ఎలా తెలుస్తుంది. మేలు చేస్తుందని తెలిస్తే అందరికీ పెట్టేవాళ్ళు. తెలియకే కదా తూస్తున్నారు.

ఇదంతా నీ చెవికెక్కదని తెలుసు. నువ్వు బండెక్కి వస్తే మీ ఫోర్‌మన్ నిన్ను పనిలోంచి తీసేస్తాడు. అందుకని చెబుతున్నాను, నీ కాగితం గోడకి అంటించాను. మొదటి రోజు ఒక అంతస్తు ఎక్కాను. నిన్న రెండు. ఊపిరి గట్టిగా పీలిస్తే బంతులు రెండు పైదాకా లేచాయి. మూడోది కొంచెం బద్ధకంగా ఉంది. ఇంక నిశ్చింతగా ఉండు, గ్రీజు చేతులతో కన్ను నలుపుకోకు.

మీ అత్త

*

ఫిబ్రవరి 16

అత్తా,

అలా రా దారికి.

బంతులు కూడా సంపాదించావంటే ఆ కండక్టరమ్మ దగ్గర డబ్బా అరువు తెచ్చుకున్నావన్నమాట. నీ తెలివి నాకు తెలియదా. మూడో బంతి లేచేదాకా వదలకు.

ఇక్కడ ఒక పాత భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల మొగుడూ పెళ్ళాం. నేను పైనుంచి బ్రేకు వదిలి చేత్తో దింపుతుంటే వాళ్ళ మాటలు వినపడ్డాయి. "నీ వల్లే." "నా వల్లేంటి, నువ్వే కదా మెట్లు వద్దన్నావు." తలుపు తీసేసరికి ఇద్దరూ నన్ను తిట్టారు. నేనూ తిట్టాను. ఫోర్‌మన్ వచ్చి ముగ్గుర్నీ తిట్టాడు. ఆ రోజు అలా గడిచింది.

సాయంత్రాలు లైబ్రరీకి వెళ్ళి ఇలాంటి పరిశోధనల గురించి చదువుతున్నాను. సగం మాటలు అర్థం కావు, ఎదురుగా కూర్చున్నవాళ్ళని అడిగితే నా చేతులకున్న మసి చూసి బల్ల మారుతున్నారు. అయినా చదువుతున్నాను. అందులో ఒక మాట నాకు ముల్లులా దిగింది. రెండో గుంపువాళ్ళు దొంగచాటుగా మొదటి గుంపు పనులు చేస్తే రెండు గుంపులకీ తేడా చెరిగిపోతుందట. నిజంగా మేలుచేసే పద్ధతి కూడా పనికిరానిదని తేలిపోవచ్చట. అప్పుడు దాన్ని ఎవరికీ చేయించరు. ఇది చదివిన దగ్గర్నుంచి తిండి సయించడంలేదు. ఆ లెక్క తప్పితే తప్పనీ, నాకు నువ్వు ముఖ్యం అనుకుంటాను. మళ్ళీ అయిదు నిమిషాలకి ఆ ముల్లు కదులుతుంది.

నువ్వు మాత్రం ఆపకు. ఎక్కు.

నీ కుక్కర్

*

ఫిబ్రవరి 20

కుక్కరమ్మా,

లైబ్రరీకి వెళ్తున్నావంటే కడుపు నిండింది. బల్ల మారినవాళ్ళని లెక్కచెయ్యకు, మసి సబ్బుతో పోతుంది.

నేను బాగున్నాను. మూడో బంతి కూడా లేచింది. కాసేపు గాల్లోనే నిలబెట్టాను. నడకలో కూడా ముందున్నానంది, అదే, ముందున్నానని నేనే అనుకుంటున్నాను. తిండికి లోటు లేదు, కింది ఇంటి టైలరమ్మ పూటపూటా గిన్నె పైకి పట్టుకొచ్చి ఇస్తోంది. కొట్టు మూసే ఉంది. పాపం కూరల బండివాడు త్రాసు ముల్లు వంగిందని రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడట.

కాళ్ళు కొంచెం బరువెక్కాయి. కూర్చుని కూ... కాదు, మెట్లెక్కీ ఎక్కీ అనుకుంటా. నువ్వు కంగారుపడకు.

కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ మీద ఎవరో తెల్ల దుప్పట్లు ఆరేస్తున్నారు. గాలికి అవి ఎగిరినప్పుడల్లా నాకు ఊపిరాడినట్టుంటుంది. పగలంతా అదే చూస్తున్నాను.

మీ అత్త

*

ఫిబ్రవరి 25

అత్తా,

ఈ ఉత్తరం చదివి నన్ను తిడతావు. కూర్చుని చదువు.

ఆసుపత్రికి రాసేశాను. నేరుగా మీ పెన్నుల నర్సుకి.

కాళ్ళు బరువెక్కాయని నువ్వు రాసిన దగ్గర్నుంచి నాకు ఒకటే ఆలోచన. నా కాగితం పట్టుకుని, నెత్తురు తక్కువున్న మనిషి చేత, ఏ డాక్టరుకీ తెలియకుండా మెట్లెక్కిస్తున్నాను. ఎంత ఎక్కాలో, ఎక్కడ ఆగాలో నాకేం తెలుసు. లిఫ్టుకైతే బరువు ఎక్కువైతే గంట మోగుతుంది. నీకు మోగదు, మోగినా నువ్వు నాకు చెప్పవు. దానికి తోడు ఆ ముల్లు ఒకటి.

ఏం రాశానో ఇక్కడ ఎక్కిస్తున్నాను, దాపరికం లేదు. "నమస్తే. మీ రెండో గుంపులో ఉన్న త్రాసుల కొట్టు ఆవిడ మా మేనత్త. ఆవిడ ఇంట్లో దొంగచాటుగా మొదటి గుంపు కసరత్తులన్నీ చేస్తోంది. మెట్లు, బంతులు, అన్నీ. చేయించింది నేను. తప్పు నాది. ఆవిడకి కాళ్ళు బరువెక్కాయి, దయచేసి చూడండి. మీ లెక్కల్లోంచి ఆవిడని కొట్టేయాలంటే కొట్టేయండి, వైద్యం మాత్రం తగ్గించకండి. తగ్గిస్తే నేను వస్తాను. నేను మంచిదాన్ని కాదు."

చివరి వాక్యం తీసేద్దామనుకున్నాను. తీయలేదు.

నీ కుక్కర్

*

మార్చి 2

ఓసి నా బంగారు కుక్కరూ,

ఎంతపని చేశావే. నా కొట్టులో తూచిన రాయి మీద ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేదు. నువ్వొక్క ఉత్తరంతో నన్ను దొంగ తూకం మనిషిని చేసి, మెట్ల కింద గదిలో నిలబెట్టావు.

పిలిపించారు. వెళ్ళాను. లిఫ్టులోనే వెళ్ళాను. ఆ గదిలో పెన్నుల నర్సు ఉంది, డబ్బా చూపించుకోవడానికి వచ్చి కండక్టరమ్మ కూడా ఉంది. నర్సు నువ్వు రాసిన ఉత్తరం బల్లమీద పెట్టింది.

"అమ్మా, మీరు ఇంట్లో మొదటి గుంపు కసరత్తు చేస్తున్నారని మీ మేనకోడలు రాసింది. నిజమేనా?"

"కాదు."

"మరి ఆవిడకెలా తెలిసింది?"

"నేనే చెప్పాను."

"అంటే చేశారు."

"చెయ్యలేదమ్మా. చెప్పాను."

నర్సు నోట్లో పెన్ను తీసింది. "కొంచెం మెల్లగా చెప్పండి. ఏది అబద్ధం?"

"మీకు చెప్పింది నిజం. అబద్ధం నా మేనకోడలికి. అది అరుస్తుంది. దాని అరుపు మాన్పించడానికి ఈవిడ బంతులు నావని రాశాను."

కండక్టరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "అందుకేనా ఫోను చేసినప్పుడల్లా ఎన్ని లేచాయి, ఎంతసేపు నిలిచాయి అని అడిగావు. టిక్కెట్టు లేకుండా నా బస్సులో ప్రయాణం చేశావన్నమాట."

"మరి కాళ్ళెందుకు బరువెక్కాయి?" అంది నర్సు.

"కూర్చుని."

"ఎంతసేపు?"

"అస్తమానం. మీరు చెప్పినట్టే."

"నేను చెప్పానా?"

అప్పుడు నేను ఓపిగ్గా వివరించాను. కుక్కరూ, నీకు గుర్తుందా, కొట్టులో ముఖమల్ పెట్టె. అందులో ఇత్తడి రాళ్ళు. మిగతా రాళ్ళ తూకం సరిచూసేవి. వాటిని చేత్తో ముట్టుకోనివ్వను, పట్టకారుతోనే తీస్తాను, వేలి జిడ్డు అంటినా బరువు మారుతుందని. చిన్నప్పుడు ఒకటి నువ్వు నోట్లో పెట్టుకుంటే నీ వీపు మోగించాను. రెండో సగం అంటే ఆ ఇత్తడి రాయి అనుకున్నాను. మొదటి సగాన్ని నాతో సరిచూస్తారు, కాబట్టి నాకు ఏమీ అంటకూడదు. కొట్టుకి వెళ్తే నాలుగంతస్తులు దిగాలి, అది వాళ్ళ కసరత్తు. మార్కెట్టుకి వెళ్తే నడక, అదీ వాళ్ళదే. అందుకని కొట్టు మూశాను, మార్కెట్టు మానేశాను, గుడ్డు కూడా మానేశాను. కిటికీ దగ్గర కుర్చీలో కదలకుండా కూర్చున్నాను.

 కండక్టరమ్మ నవ్వు ఆపేసింది.

నర్సు లేచి నా కుర్చీ పక్కకి వచ్చింది. "అమ్మా, రెండో గుంపంటే ఖాళీ పళ్ళెం కాదు. ఇప్పటిదాకా ఇక్కడ అందరినీ ఎలా చూస్తున్నామో అలా చూడటం. మేం ఎవరినీ పెట్టెలో పెట్టి మూతవేయలేదు. తినమంటాం, తిరగమంటాం, మీ పని మీరు చేసుకోమంటాం. మీరు రోజూ కొట్టుకి వెళ్ళే మనిషైతే వెళ్ళాలి. ఇలా కూర్చుంటే కాళ్ళల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంది. మామూలుగా తిరగమని మీకిచ్చిన కాగితంలో మొదటి వాక్యమే కదా. చదవలేదా?"

కుక్కరూ, ఆ కాగితం ఎక్కడుందో చెబితే నవ్వుతావు. కొట్టులో బల్ల ఊగుతోందని దాని కాలు కింద మడిచిపెట్టాను. అందరికీ ఇచ్చే కాగితంలో ఏముంటుందిలే అనుకున్నాను.

అప్పటికప్పుడు కాళ్ళకి స్కాన్ తీయించారు. నెత్తురు ఎక్కడా గడ్డకట్టలేదు. సర్జన్ కూడా వచ్చి చూశాడు. ఇంకా రెండు వారాలు ఉన్నాయి కాబట్టి నష్టం లేదన్నాడు. నన్ను లెక్కలోంచి తీసేశారా అని అడిగాను. "తీసెయ్యం. జరిగింది జరిగినట్టు రాసుకుంటాం" అంది నర్సు. మానేస్తారా అని కూడా అడిగింది. మానేయను అన్నాను.

నువ్వు రాసిందంతా తప్పే. కానీ రాయకపోతే ఆపరేషన్ రోజుదాకా ఆ కుర్చీలోనే ఉండేదాన్ని. అందుకని తిట్టు సగమే తిడుతున్నాను. మిగతా సగం నాకు.

మీ అత్త

*

మార్చి 6

అత్తా,

మొదట నవ్వాను. లిఫ్టు తిరిగే షాఫ్టులో నవ్వితే గొంతు పైదాకా వెళ్ళి తిరిగొస్తుంది, ఫోర్‌మన్ పైనుంచి "ఏమైందే" అని తొంగిచూశాడు. తర్వాత ఒళ్ళు మండింది.

నాతో అబద్ధమాడావు. మూడో బంతి లేచిందంటే సంబరపడి పనిలో అందరికీ చెప్పాను. ఒకతను చప్పట్లు కూడా కొట్టాడు. ఎవరో కండక్టరమ్మ ఊపిరికి మేం చప్పట్లు కొట్టామన్నమాట.

ఒక్క మాట రాస్తాను, మళ్ళీ రాయను. నాన్న పోయిన రోజున నన్ను గోతాలు తూచే పెద్ద త్రాసులో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో నువ్వెక్కి, "చూడు, నేను లేస్తే నువ్వు పడతావు, అందుకే నేను లేవను" అన్నావు. నాకు ఆ రెండో పళ్ళెం నువ్వే. ఇంకెవరూ లేరు. నువ్వు లేచిపోతే నేను ధడేలుమని కిందపడతాను. అందుకే అరుస్తాను. అరవడం తప్ప నాకింకోటి చేతకాదు.

ఇక నుంచి నిజమే రాయి. కాళ్ళు బరువైతే బరువని, భయమైతే భయమని. నేను ఆ పరిశోధన జోలికి రాను. అది మంచిదో కాదో నాకింకా తెలియదు, కానీ నీ మాట నీది. నా కాగితం గోడ మీంచి తీసేయ్. ఆపరేషన్ నాటికి సెలవు దొరికింది. ఫోర్‌మన్ ఇవ్వనంటే ఆయన టీ గ్లాసు తీసి దాచాను. ఇచ్చాడు.

నీ కుక్కర్

*

మార్చి 11

కుక్కరమ్మా, కార్డే దొరికింది. కొట్టు తెరిచాను. పొద్దున మెట్లు దిగుతున్నాను, సాయంత్రం లిఫ్టులో ఎక్కుతున్నాను, ఎప్పటిలాగే. కూరల బండివాడి ముల్లు సరిచేశాను. భయమైతే భయమని రాయమన్నావు. ఉంది. గుడ్డు తింటున్నాను. మీ అత్త

*

మార్చి 19, ఆసుపత్రి బెంచీ మీద

అత్తా,

నువ్వు లోపలున్నావు. నేను బయటున్నాను. మధ్యలో రెండు తలుపులు. ఒకదానికి కీలు వదులైంది, తెరిచినప్పుడల్లా కీచుమంటోంది. నా సంచిలో నూనె ఉంది, కానీ లేచి వెళ్ళి పోస్తే బయటికి పంపేస్తారని కూర్చున్నాను. చేతులు ఊరుకోవడంలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

పొద్దున నిన్ను బండి మీద తోసుకెళ్తుంటే నువ్వు ఆ తోసేవాడితో "ఎడమవైపు చక్రం ఒరుగుతోంది నాయనా" అన్నావు. అతను నీకంటే ఎక్కువ భయపడ్డాడు.

కండక్టరమ్మ నా పక్కనే కూర్చుంది. ఆవిడకి ఆపరేషన్ అయి పదిరోజులైంది కదా, నీకోసమని వార్డులోంచి నడుచుకుంటూ వచ్చింది. ఆవిడకి కుట్ల దగ్గర చీము పట్టిందట. నాకు తిక్కరేగింది. "అన్ని మెట్లెక్కారు, అన్ని బంతులు లేపారు, ఏం లాభం" అన్నాను.

"నాకేం తెలుసమ్మా" అంది. "ఎక్కకపోయి ఉంటే ఇంకేం వచ్చేదో. ఎక్కినందుకు నిమ్ము రాలేదేమో. ఒక్క మనిషిని చూసి బస్సు నిండిందని చెప్పలేం. అందుకేగా ఇంతమందిని ఎక్కించుకుంటున్నారు."

తర్వాత నా చెయ్యి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. మసి అంటుతుందన్నాను. అంటనీ అంది.

పెన్నుల నర్సు కూడా ఒకసారి వచ్చిపోయింది. "ఆ ఉత్తరం రాసింది మీరేనా" అంది. అవునన్నాను. "మంచిదాన్ని కాదని రాశారు, ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నాను" అంది. నాకు నవ్వు రాలేదు, కానీ తర్వాత వచ్చింది.

నిన్ను ఎదురుబరువు అని తిట్టాను కదా. ఆ దిమ్మ లేకపోతే లిఫ్టు ఒక్క అంతస్తు కూడా సరిగ్గా లేవదు. నాకు తెలుసు. తెలిసే తిట్టాను. కోపంలో తెలిసిన పని కూడా మర్చిపోతాను.

తలుపు కీచుమంది. నీకోసం కాదు, ఎవరో బకెట్టు పట్టుకొచ్చారు.

మళ్ళీ కీచుమంది. టోపీ పెట్టుకున్న మనిషి నావైపే వస్తున్నాడు. మీ సర్జన్ అనుకుంటా. మొహం చూస్తే ఏమీ తెలియడంలేదు. వీళ్ళకి మొహాలు ఎవరు బిగిస్తారో. లేస్తున్నాను.

*

ఏప్రిల్ 22

కుక్కరమ్మకి,

బెంచీ మీద రాసిన ఉత్తరం నువ్వు వెళ్ళేటప్పుడు నా తలగడ కింద పెట్టావు. నిన్నటిదాకా విప్పలేదు. కుట్లు ఆరనీ, నవ్వితే నొప్పెడుతుంది అనుకున్నాను. విప్పితే వచ్చింది నవ్వొక్కటే కాదు.

ఆ సర్జన్ నీతో ఏమన్నాడో నువ్వు నాకు ఇరవైసార్లు చెప్పావు, అయినా నా చేత్తో రాసి చూసుకుంటాను. గడ్డ మొత్తం వచ్చేసింది. చుట్టుపక్కలకి పాకలేదు. ఇంకే మందూ అక్కర్లేదు, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలు.

మూడోరోజు నాకు జ్వరం వచ్చి ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నప్పుడు నువ్వు ఆ నర్సు మీద లేచిన తీరు వార్డంతా ఇంకా చెప్పుకుంటున్నారు. "ముందే కసరత్తు చేయించి ఉంటే వచ్చేదా" అని అడిగావు. ఆవిడ "తెలియదు, తెలుసుకోవడానికే రాసుకుంటున్నాను" అంది. నువ్వు వెళ్ళి, నాకు ఇచ్చిన బంతుల డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టావు. అది ఆపరేషన్ తర్వాత అందరికీ ఇచ్చేదే. రెండు బంతులు లేచాయి. ఈసారి నావే. నువ్వు చూశావు.

నాకు నిమ్ము, కండక్టరమ్మకి చీము. ఇద్దరికీ చెరొకటి, లెక్క సమం, ఇంక ఆ పరిశోధన దండగ అని వెళ్ళేముందు అన్నావు. ఒక్కసారి తూచి ఏ రాయీ సరైందని నేను ముద్ర వేయను. పళ్ళేలు మార్చి తూస్తాను, మళ్ళీ తూస్తాను. ఇంకా ఎందరో ఎక్కాలి, ఆ తర్వాత ముల్లు ఎటు వంగితే అటు. అప్పటికి నేనుంటే నేను చదువుతాను, లేకపోతే నువ్వు లైబ్రరీకి వెళ్ళి చదువు. చేతులు కడుక్కుని వెళ్ళు.

ఇవాళ మెట్ల కింద గదికి ఆఖరిసారి వెళ్ళాను. పెన్నుల నర్సు అన్నీ అడిగి రాసుకుని, "మీ పని అయిపోయిందమ్మా. ఇక మీ ఇష్టం, ఏం చేసుకున్నా మా లెక్క చెడదు" అంది. మెట్లెక్కొచ్చా అని అడిగాను. "ఎక్కండి. ఆయాసం వస్తే ఆగండి. బరువులు మాత్రం ఎత్తకండి" అంది. కండక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఈల వేసింది, బస్సు కదిలినట్టు.

ఇంటికొచ్చాను. లిఫ్టు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఎక్కలేదు. నీ కాగితం గోడ మీంచి తీసేయమన్నావు, నేను అసలు అంటించనే లేదు. రవికెలో పెట్టుకుని తిరిగాను, ఆపరేషన్ రోజున కూడా బట్టలతోపాటు మడిచి నర్సుకి ఇచ్చాను. ఇవాళ తీసి చూశాను. మొదటి రోజు, ఒక అంతస్తు.

ఎక్కాను. ఇంకోటి కూడా ఎక్కాను, అది నువ్వు రెండో రోజుకి రాసింది, కోప్పడకు. ఇప్పుడు రెండో అంతస్తు మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోయింది అందుకే. టైలరమ్మ లిఫ్టులోంచి నన్ను చూసి నోరు వెళ్ళబెట్టి పైకి పోయింది. కొంచెం ఆయాసంగా ఉంది. అది తగ్గాక మిగతావి లిఫ్టులో వెళ్తాను.

ఈసారి అబద్ధం కాదు. నమ్మకపోతే ఆ నర్సుకి రాసుకో.

మీ అత్త